పట్టుపురుగు రక్తంలో యాంటీబయాటిక్ ఉందా?



గత సంవత్సరం స్కాలర్‌షిప్ ఇంటర్వ్యూల నాడు జరిగిన ఒక చిన్న సంగతితో మొదలుపెడతాను. చింతామణి సెరికల్చర్ కాలేజీలో చదువుతున్న ఒక అమ్మాయి మా ముందు కూర్చుంది. తండ్రి శిడ్లఘట్టలో రీలింగ్ పని చేస్తాడు. "చదువు అయ్యాక ఏం చేద్దామనుకుంటున్నావమ్మా?" అని అడిగాం. "పట్టుపురుగు రక్తంలో బాక్టీరియాను చంపే పదార్థాలు తయారవుతాయి సార్. యాంటీబయాటిక్స్ పనిచేయని రోగాలకు అలాంటివి పనికొస్తాయేమోనని చాలా దేశాల్లో చూస్తున్నారు. నాకు దాని మీద పరిశోధన చేయాలని ఉంది" అంది. బల్లకు ఇటువైపు కూర్చున్న ఒకాయన నవ్వి, "పురుగుకు రక్తమేమిటమ్మా!" అన్నాడు. మిగతావాళ్ళూ నవ్వారు. ఆ పిల్ల ముఖం చిన్నబోయింది. తర్వాతి ప్రశ్నలకు ముక్తసరిగా జవాబులు చెప్పి వెళ్ళిపోయింది.

ఆ ఒకాయన నేనే.

నేను బి.కాం. చదివిన మనిషిని. బ్యాంకులో ముప్పై నాలుగేళ్ళు గుమాస్తాగా పనిచేసి రిటైరయ్యాను. జీవశాస్త్రం నా సబ్జెక్టు కాదు. కానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. కారణం, యాంటీబయాటిక్ పనిచేయకపోవడం అంటే ఏమిటో నాకు బాగా తెలుసు. అంతకు రెండేళ్ళ ముందు నాకు మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వచ్చింది. డాక్టరు రాసిన మాత్రలు ఐదు రోజులు వేసుకున్నా జ్వరం తగ్గలేదు. యూరిన్ కల్చర్ చేయించమన్నారు. మూడో రోజున రిపోర్టు చేతికొచ్చింది. ఎడమ వరుసలో పదహారు మందుల పేర్లు, కుడి వరుసలో ఎస్, ఐ, ఆర్ అనే అక్షరాలు. ఎస్ అంటే ఆ మందుకు క్రిమి లొంగుతుంది. ఆర్ అంటే లొంగదు. ఐ అంటే ఆ రెంటికీ మధ్య. లెడ్జరు కాలమ్స్ చూసి చూసి అలవాటైన కళ్ళు కదా, పై నుంచి కిందికి ఒక్క చూపులో లెక్క తేలింది. పదహారులో పదకొండు ఆర్‌లు. ఇ.కోలి అనే మామూలు పేగు క్రిమి అది. చివరికి ఏడు రోజులు ఆసుపత్రిలో ఉండి ఇంజెక్షన్లు చేయించుకుంటే గానీ లొంగలేదు.

"జలుబు చేసినా, గొంతు నొప్పి వచ్చినా షాపులో అడిగి మూడు మాత్రలు తెచ్చుకునే అలవాటుందా?" అని డాక్టరు అడిగాడు. ఉంది. రెండు వేసుకుని మూడోది డ్రాయర్‌లో దాచే అలవాటు కూడా ఉంది. "మీ ఒక్కరి వల్లే ఇది వచ్చిందని అనను. ఇలాంటి క్రిమి ఎక్కడి నుంచైనా రావచ్చు. మీలాంటి వాళ్ళు కోట్ల మంది ఉన్నారు, అదీ సంగతి" అన్నాడాయన.

అటువంటి మనిషిని ఒక పిల్ల ఆ జబ్బు గురించే మాట్లాడితే నవ్వాను. అందుకని తర్వాత కొన్ని నెలలు మా మనవరాలి పన్నెండో తరగతి పుస్తకంతో మొదలుపెట్టి, దొరికినవన్నీ చదివాను. నాకు అర్థమైనంత ఇక్కడ రాస్తున్నాను.

ముందు యాంటీబయాటిక్స్ సంగతి. 1928లో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ లండన్‌లో ఒక బూజు చుట్టూ బాక్టీరియా చనిపోయి ఉండటం గమనించాడు. దాని నుంచి పెన్సిలిన్ వచ్చింది. 1943లో మట్టిలోని ఒక సూక్ష్మజీవి నుంచి స్ట్రెప్టోమైసిన్ వచ్చింది. 1948లో వచ్చిన ఆరియోమైసిన్ కూడా మట్టి సూక్ష్మజీవి నుంచే. అది బయటపడిన లెడర్లీ కంపెనీలో పరిశోధనకు అధిపతి మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారు. కనిపెట్టినది ఆయన పర్యవేక్షణలో పనిచేసిన బెంజమిన్ డగ్గర్ అనే వృద్ధ శాస్త్రజ్ఞుడు. అంటే మన మందుల పెట్టెలో ముఖ్యమైన యాంటీబయాటిక్స్ చాలావరకు బూజుల దగ్గర, మట్టి బాక్టీరియా దగ్గర అప్పు తెచ్చుకున్నవే.

ఈ మందుల్లో చాలావాటికి ఒక పద్ధతి ఉంది. బాక్టీరియాలోని ఏదో ఒక యంత్రానికి అడ్డం పడతాయి. పెన్సిలిన్ గోడ కట్టే పనికి అడ్డం పడుతుంది. ఇంకొకటి ప్రోటీన్ తయారీకి అడ్డం పడుతుంది. ఇ.కోలికి అనుకూలమైన పరిస్థితి దొరికితే ఇరవై నిమిషాలకొకసారి రెండవుతుంది. ఆ కోట్లలో ఏ ఒక్కదానిలోనైనా ఆ యంత్రం ఆకారం కాస్త మారితే మందు దానికి పట్టదు. మిగిలినవి చస్తాయి, అది పెరుగుతుంది. తక్కువ మోతాదు వాడితే ఇలాగే అవుతుందని ఫ్లెమింగ్ 1945లో నోబెల్ బహుమతి ఉపన్యాసంలోనే హెచ్చరించాడు. 2022లో లాన్సెట్ పత్రికలో వచ్చిన లెక్క ప్రకారం, 2019లో ప్రపంచంలో 12.7 లక్షల మంది మందులకు లొంగని బాక్టీరియా వల్లే నేరుగా చనిపోయారు. అటువంటి ఇన్‌ఫెక్షన్‌తో సంబంధం ఉన్న మరణాలన్నీ కలిపితే 49.5 లక్షలు.

ఇప్పుడు పురుగుల దగ్గరికి వద్దాం.

నేను శిడ్లఘట్ట వైపు బ్రాంచిలో ఉన్నప్పుడు పట్టుపురుగుల పెంపకానికి లోన్లు ఇచ్చేవాళ్ళం. ఫీల్డ్ ఆఫీసరుతో పాటు నేనూ అప్పుడప్పుడు ఇన్‌స్పెక్షన్‌కు వెళ్ళేవాడిని. పురుగుల ఇంటి గడప దగ్గరే చెప్పులు విడవాలి. బ్లీచింగ్ కలిపిన నీళ్ళలో కాళ్ళు, చేతులు కడుక్కోవాలి. మేనేజరైనా సరే, కడుక్కోకపోతే రైతు లోపలికి రానివ్వడు. లోపల తట్టల నిండా పురుగులు మల్బరీ ఆకు తింటుంటే సన్నని వాన పడుతున్న చప్పుడు. గుడ్డు పగిలినప్పటి నుంచి గూడు కట్టేదాకా సుమారు ఇరవై ఐదు రోజులు. ఆ లోపల బరువు పదివేల రెట్లు పెరుగుతుంది. పొర విడిచే ముందు మేత మాని, తల ఎత్తి కదలకుండా ఉండిపోతాయి. దాన్ని మా వైపు 'జ్వరం' అంటారు. నాలుగు జ్వరాలు దాటితే గండం గడిచినట్టే అని కొత్తవాళ్ళు అనుకుంటారు. కానీ ఐదో దశలోనే సున్నపుకట్టు రోగమో, ఇంకొకటో తగిలి తట్టలకు తట్టలు పారబోసిన రైతులను చూశాను. "జబ్బు వచ్చాక చేసేదేమీ లేదు సార్, రాకముందే చేయాలి" అని ఒక రైతు నాతో అన్నాడు. ఆయన లోను రీషెడ్యూలు కాగితాలు రాసింది నేనే. అందుకే ఆ అమ్మాయి మాట విన్నప్పుడు, రోగాలతో ఇలా రాలిపోయే పురుగుకు రక్షణ ఏమిటి అన్న చులకన నాలో ఉండి ఉంటుంది.

నిజానికి ప్రశ్నను తిరగేసి అడగాలి. పేరు పెట్టి గుర్తించిన కీటక జాతులే సుమారు పది లక్షలున్నాయి. పేడలో, కుళ్ళిన పండ్లలో, శవాల మీద బతికే పురుగులున్నాయి. ఆ క్రిముల మధ్య అవి చావకుండా ఎలా ఉంటున్నాయి? మనకు యాంటీబాడీలు ఉన్నాయి. ఒకసారి వచ్చిన క్రిమిని గుర్తుపెట్టుకునే కణాలున్నాయి. టీకాలు పనిచేసేది వాటి బలం మీదే. కీటకాలకు యాంటీబాడీలు లేవు. రక్తం మాత్రం ఉంది. ఎర్రగా ఉండదు, నాళాల్లో పారదు, శరీరమంతా ఒక తొట్టిలో నీళ్ళలాగా నిండి ఉంటుంది. దాన్ని హీమోలింఫ్ అంటారు.

నిద్రపోతున్న ప్యూపా చెప్పిన రహస్యం

స్వీడన్‌లో హాన్స్ బొమాన్ అనే శాస్త్రజ్ఞుడు ఉండేవాడు. ఆయన ఎంచుకున్నది సెక్రోపియా అనే పెద్ద చిమ్మట. ఉత్తర అమెరికాకు చెందినది. ఎంచుకోవడంలోనే ఆయన తెలివి ఉంది. ఆ చిమ్మట ప్యూపా చలికాలమంతా గూటిలో నిద్రావస్థలో ఉంటుంది. ఆ కాలంలో దాని శరీరంలో కొత్త ప్రోటీన్లు తయారు కావడం దాదాపు ఆగిపోతుంది. అప్పుడు దానికి కొద్దిగా బాక్టీరియాను సూదితో ఎక్కించి, ఆ తర్వాత రక్తంలో కొత్తగా ఏం కనిపించినా, అది ఆ క్రిమి కోసం తయారైనదే అని చెప్పవచ్చు. లావాదేవీలు లేని ఖాతాలో ఒక్క ఎంట్రీ పడితే వెంటనే తెలిసిపోయినట్టు.

కొన్ని గంటల్లోనే తయారీ మొదలైంది. ఆ రక్తాన్ని తీసి ఇ.కోలి మీద వేస్తే అది చచ్చింది. బాక్టీరియా ఎక్కించని ప్యూపా రక్తానికి ఆ శక్తి లేదు. బొమాన్ బృందం ఆ పదార్థాలను విడదీసి, 1981లో నేచర్ పత్రికలో వాటి నిర్మాణం ప్రకటించింది. చిమ్మట పేరు మీదనే వాటికి సెక్రోపిన్‌లు అని పేరు పెట్టారు. సెక్రోపిన్-ఎ అనేది 37 ఎమినో ఆమ్లాలు గొలుసులా కూర్చిన చిన్న ప్రోటీన్. ఇటువంటి పొట్టి గొలుసులను పెప్టైడ్‌లు అంటారు. మనకు తెలిసిన ఇన్సులిన్‌లో 51 ఉంటాయి, అంటే దానికంటే కూడా చిన్నది. తర్వాత మన మల్బరీ పట్టుపురుగులోనూ సెక్రోపిన్‌లు దొరికాయి. 1995లో జపాన్ వాళ్ళు దానిలోనే మోరిసిన్ అనే మరొక పెప్టైడ్‌ను కనుగొన్నారు. ఆ అమ్మాయి చెప్పింది అక్షరాలా నిజం.

ఇక్కడ రీలింగ్ పని చేసే కుటుంబాల వారికి ఒక మాట. గూడు ఉడికించి పట్టు తీశాక మిగిలే ప్యూపా కుప్పల్లో మందు ఉందని ఎవరైనా చెబితే నమ్మవద్దు. జబ్బు తగలని పురుగులో ఈ సరుకు నిల్వ పెద్దగా ఉండదు. క్రిమి ప్రవేశించాకే, మన కాలేయం వంటి పని చేసే కొవ్వు అంగంలో ఇది ముఖ్యంగా తయారై రక్తంలోకి వస్తుంది. పని అయ్యాక తగ్గిపోతుంది. మనం ఇళ్ళల్లో యాంటీబయాటిక్స్ వాడే తీరుకు ఇది సరిగ్గా వ్యతిరేకం.

ఇది బాక్టీరియాను ఎలా చంపుతుంది? బాక్టీరియా పై పొర మీద రుణావేశం, అంటే నెగెటివ్ చార్జ్ ఎక్కువ. సెక్రోపిన్ మీద ధనావేశం. రెండూ ఆకర్షించుకుంటాయి. పొరను తాకగానే ఈ గొలుసు స్ప్రింగులా చుట్టుకుంటుంది. ఆ స్ప్రింగుకు ఒక పక్క నీళ్ళతో కలిసే గుణం, మరో పక్క నూనెతో కలిసే గుణం. పొర నూనె జాతిది కాబట్టి నూనె పక్క లోపలికి దిగుతుంది. ఇలా చాలా గొలుసులు దిగితే పొర చిల్లులు పడి లోపలి సరుకంతా కారిపోతుంది. నిమిషాల్లో పని అయిపోతుంది. మన కణాల పై పొర బయటివైపు ఆవేశం లేకుండా ఉంటుంది, అందులో కొలెస్టరాల్ కూడా ఉంటుంది. అందుకని సెక్రోపిన్ మన ఎర్ర రక్తకణాల జోలికి పోదు. కొలెస్టరాల్ గురించి మంచి మాట వినడం నాకు ఇదే మొదటిసారి.

మామూలు యాంటీబయాటిక్‌కూ దీనికీ తేడా గమనించండి. ఒక యంత్రం ఆకారం మార్చుకోవడం బాక్టీరియాకు ఒక్క చిన్న మార్పుతో సాధ్యం. తన పై పొర మొత్తాన్నీ మార్చుకోవడం అంత తేలిక కాదు. ఈ పెప్టైడ్‌ల మీద ఆశ పుట్టింది ఇందువల్లనే.

ఈగ, తేనెటీగ, నల్లి జాతి పురుగు

అరటిపండ్ల మీద ముసిరే చిన్న ఈగను డ్రోసోఫిలా అంటారు. దాని మీద ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బుర్గ్‌లో జూల్స్ హాఫ్‌మన్ బృందం పనిచేసింది. క్రిమి వచ్చిందన్న కబురు కొవ్వు అంగానికి ఎవరు చేరవేస్తున్నారు అన్నది వాళ్ళ ప్రశ్న. 1996లో జవాబు దొరికింది. టోల్ అనే జన్యువు చెడిపోయిన ఈగలకు బూజు తగిలించి చూస్తే, అవి బూజును ఆపే పెప్టైడ్‌ను సరిగా తయారు చేయలేక, ఒళ్ళంతా బూజు మొలిచి చనిపోయాయి. ఆ తర్వాత అదే కుటుంబానికి చెందిన జన్యువులు మనుషుల్లోనూ రోగనిరోధక శక్తికి గంట కొట్టే పని చేస్తున్నాయని తేలింది. హాఫ్‌మన్‌కు 2011లో వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది, మరి ఇద్దరితో కలిపి. పురుగుకు రక్తమేమిటని నవ్విన నేను ఈ పేజీ రెండుసార్లు చదివాను.

డ్రోసోఫిలాలో ఇలాంటి పెప్టైడ్‌లు ఒకటి కాదు, చాలా ఉన్నాయి. 2019లో స్విట్జర్లాండ్‌లోని లొజాన్‌లో వాటి జన్యువులను ఒక్కొక్కటిగానూ, గుంపుగానూ తీసేసి చూశారు. గుంపుగా తీసేసిన ఈగలు కొన్ని రకాల బాక్టీరియాకు తేలికగా బలైపోయాయి. కొన్ని క్రిముల విషయంలో మాత్రం ఒకే ఒక్క పెప్టైడ్ మొత్తం భారం మోస్తోంది. మరికొన్ని క్రిముల మీద ఇవేవీ పెద్దగా పనిచేయడం లేదు, ఈగ వేరే మార్గాల్లో కాపాడుకుంటోంది. కాబట్టి పురుగుల పెప్టైడ్‌లు అన్ని క్రిములకూ మందు అని ఎవరైనా రాస్తే అది తొందరపాటు.

అన్నీ చిల్లులు పొడిచే రకమూ కాదు. తేనెటీగలో 1989లో దొరికిన అపిడేసిన్‌లో 18 ఎమినో ఆమ్లాలే ఉంటాయి. అది పొర పగలగొట్టకుండా లోపలికి దూరి, ప్రోటీన్ తయారు చేసే రైబోసోమ్‌లో ఇరుక్కుంటుంది. ప్రోటీన్ పూర్తయి బయటికి రావలసిన చివరి క్షణంలో తలుపు మూసేస్తుంది. నల్లి జాతికి చెందిన ఒక పురుగులో 1996లో థనాటిన్ దొరికింది. అది 21 ఎమినో ఆమ్లాల గొలుసు. గ్రీకు భాషలో మృత్యువు పేరు మీద పెట్టిన పేరు. ఇ.కోలి వంటి బాక్టీరియా తన పై పొరకు కావలసిన సరుకును లోపలి నుంచి ఒక వంతెన మీదుగా మోసుకెళుతుంది. థనాటిన్ ఆ వంతెన దూలాలలో ఒకదానికి అతుక్కుని వంతెనను కట్టనివ్వదని 2018లో తెలిసింది. 2023లో జ్యూరిక్ శాస్త్రజ్ఞులు థనాటిన్‌ను నమూనాగా పెట్టుకుని కొత్త పదార్థాలు తయారు చేసి, మందులకు లొంగని ఇ.కోలి కుటుంబపు క్రిముల మీద అవి పనిచేస్తున్నట్టు చూపించారు. నా రిపోర్టులో ఉన్న క్రిమి ఆ కుటుంబానిదే. పదిహేడో వరుసలో ఆ మందు పేరు, ఎదురుగా ఎస్ అనే అక్షరం, ఊహించుకుని చూశాను.

ఒడిశాలో, తెలంగాణలో ఉన్న మన పాఠకులకు ఇంకొక విషయం. మద్ది చెట్ల మీద పెరిగే దసలి పట్టుపురుగు మీకు తెలుసు. మయూర్‌భంజ్, కెంఝర్ వైపు, ఇటు మహాదేవపూర్, చెన్నూరు వైపు దానిమీద బతికే కుటుంబాలున్నాయి. బొమాన్ పనిచేసిన అమెరికా సెక్రోపియా, మన దసలి పురుగు ఒకే కుటుంబానివి. దసలి పురుగు ఇంట్లో తట్టల్లో కాకుండా అడవిలో ఎండకూ వానకూ పెరుగుతుంది కాబట్టి దాని రక్షణ ఎలా ఉందో చూడాలని హైదరాబాదులోని సి.డి.ఎఫ్.డి.లో డాక్టర్ జె. నాగరాజు బృందం పూనుకుంది. దానికి బాక్టీరియా ఎక్కించి, ఏ జన్యువులు మేలుకుంటున్నాయో వెతికి 2006లో ప్రకటించింది. తెలిసిన పెప్టైడ్‌లతో పాటు అంతకు ముందు ఎవరూ చూడనివి కూడా బయటపడ్డాయి. నాగరాజు గారు 2012లో కాలం చేశారు. ఇంత మంచి పని మన ఊళ్ళ దగ్గరే జరిగిందని పట్టు లోన్లు ఇచ్చిన బ్యాంకులో ఉన్న నాకే తెలియదు.

మరి మందుల షాపులో ఎందుకు లేదు?

1981 నుంచి ఇప్పటికి నలభై ఏళ్ళు దాటింది. మా మనవరాలు అడిగింది ఈ ప్రశ్నే, ఇదే అసలు ప్రశ్న కూడా.

మొదటిది, పెప్టైడ్ అంటే ప్రోటీన్ ముక్క. మాత్రగా మింగితే కడుపు దాన్ని పప్పును అరిగించినట్టే అరిగిస్తుంది. ఇన్సులిన్‌ను ఇంజెక్షన్‌గా తీసుకునేది ఇందుకే. రక్తంలోకి ఎక్కించినా అక్కడి ఎంజైములు త్వరగా ముక్కలు చేస్తాయి. తయారీ ఖర్చు కూడా మామూలు మాత్రల కంటే చాలా ఎక్కువ.

రెండవది విషం సంగతి. సెక్రోపిన్ మన కణాలను వదిలేస్తుంది గానీ అన్నీ అంత మంచివి కావు. తేనెటీగ కుట్టినప్పుడు ఎక్కే విషంలో ముఖ్యమైన మెలిటిన్ కూడా పెప్టైడే. 26 ఎమినో ఆమ్లాలు. బాక్టీరియాను చంపుతుంది, మన ఎర్ర రక్తకణాలను కూడా అలాగే పగలగొడుతుంది. ప్రకృతి నుంచి వచ్చింది కాబట్టి హాని చేయదు అనే మాట మన ఇళ్ళల్లో తరచుగా వింటాం. తేలు కూడా ప్రకృతి నుంచి వచ్చినదే.

మూడవది, మంచిదని తేలడం వేరు, ఉన్నదాని కంటే మంచిదని తేలడం వేరు. పురుగుది కాదు గానీ, కప్ప చర్మంలో 1987లో మైకేల్ జాస్లాఫ్ కనుగొన్న మాగైనిన్ అనే పెప్టైడ్ కథ చూడండి. దాన్ని కాస్త మార్చి పెక్సిగనాన్ అనే పూతమందు చేశారు. మధుమేహం ఉన్నవారి పాదాల పుండ్లకు అని పరీక్షలన్నీ చేశారు. 1999లో అమెరికా ఔషధ సంస్థ ఎఫ్.డి.ఎ. దాన్ని ఆమోదించలేదు. అప్పటికే ఉన్న ఆఫ్లోక్సాసిన్ మాత్రల కంటే అది మెరుగని తేలలేదు. ఎన్నో ఏళ్ళ శ్రమ, డబ్బు అక్కడ ఆగిపోయాయి. ఆ రంగంలోకి వెళ్ళే పిల్లలు ఈ కథ ముందే తెలుసుకుని వెళ్ళడం మంచిది.

నాలుగవది నన్ను బాగా ఆశ్చర్యపరచింది. బాక్టీరియా ఈ పెప్టైడ్‌లకు ఎప్పటికీ అలవాటు పడదని మొదట్లో కొందరు అనుకున్నారు. కానీ మన రైతులందరికీ పేరు తెలిసిన ఒక క్రిమి అప్పటికే ఆ విద్య నేర్చింది. బి.టి. పత్తిలో ఉన్న బి.టి. అంటే బాసిల్లస్ తురింజియెన్సిస్ అనే బాక్టీరియా. దాన్ని మొట్టమొదట 1901లో జపాన్‌లో ఇషివాటా అనే ఆయన గుర్తించింది, చచ్చిన పట్టుపురుగుల్లోనే. ఆ బాక్టీరియా విడుదల చేసే ఒక ఎంజైము సెక్రోపిన్‌లను ముక్కలు చేస్తుందని 1984లో స్వీడన్ బృందమే తేల్చింది. పురుగు తాళం వేస్తే అది తాళం కోసే రంపంతో వస్తుందన్నమాట. ఇంకొన్ని బాక్టీరియాలు పై పొర మీది రుణావేశం తగ్గించుకుని తప్పించుకుంటాయి. ఆసుపత్రుల్లో చివరి ఆయుధంగా వాడే కొలిస్టిన్ కూడా మట్టి బాక్టీరియా నుంచి వచ్చిన పెప్టైడే. దానికి లొంగకుండా చేసే, ఒక క్రిమి నుంచి మరో క్రిమికి పాకే జన్యువు 2015లో చైనాలో బయటపడింది. అది చేసే పని సరిగ్గా ఇదే, పొర మీది ఆవేశాన్ని తగ్గించడం. కొలిస్టిన్‌ను కోళ్ళకు, పశువులకు మేతలో వాడటాన్ని మన ప్రభుత్వం 2019లో నిషేధించింది.

అందుకని 'యాంటీబయాటిక్స్‌కు ప్రత్యామ్నాయం' అని పత్రికలు పెట్టే శీర్షిక నాకు కాస్త పెద్దదిగా తోస్తుంది. నాకు అర్థమైనంతవరకు, పురుగు దగ్గర నేర్చుకోవలసింది ఒక్క మందు కాదు, మందు వాడే పద్ధతి. అది ఒకేసారి పది రకాల పెప్టైడ్‌లను కలిపి వదులుతుంది. ఒకదాన్ని తప్పించుకున్న క్రిమి ఇంకొకదానికి చిక్కవచ్చు. అవసరమైనప్పుడే తయారు చేస్తుంది. శాస్త్రజ్ఞులు కూడా ఇప్పుడు ఈ పెప్టైడ్‌లను పాత యాంటీబయాటిక్స్‌తో జోడించి చూస్తున్నారు.

పట్టుపురుగు వల్ల వేరే ఉపయోగం కూడా ఉంది. టోక్యోలో సెకిమిజు బృందం పట్టుపురుగులకే మనుషుల రోగక్రిములను ఎక్కించి, ఏ పదార్థం ఇస్తే అవి బతుకుతున్నాయో చూసే పద్ధతి పెట్టుకుంది. ఎలుకల కంటే చాలా చౌక. 2015లో లైసోసిన్-ఇ అనే కొత్త యాంటీబయాటిక్ పదార్థాన్ని వాళ్ళు అలా పట్టుకున్నారు. పట్టుపురుగును పెంచడం తెలిసిన చేతులు మన దగ్గర ఎన్ని ఉన్నాయో ఆలోచించండి.

తల్లిదండ్రులకు ఒక జాగ్రత్త. పుండ్లకు పురుగుల వైద్యం అని మీరు విని ఉండవచ్చు. అది నిజమే. మొదటి ప్రపంచ యుద్ధంలో పురుగులు పట్టిన గాయాలతో రోజుల తరబడి పడి ఉన్న సైనికులకు జ్వరం లేకపోవడం విలియం బేర్ అనే అమెరికన్ సర్జన్ గమనించాడు. 2004లో ఎఫ్.డి.ఎ. ఆ వైద్యానికి అనుమతి ఇచ్చింది. 2010లో ఆ ఈగ పిల్లల్లో లూసిఫెన్సిన్ అనే పెప్టైడ్ దొరికింది. అయితే అవి ప్రయోగశాలలో క్రిములు లేకుండా పెంచిన ఒకే ఒక్క జాతి ఈగ పిల్లలు, చచ్చిన కండనే తింటాయి. మన వైపు పశువుల పుండ్లకు పట్టే పురుగులు బతికిన కండను తింటాయి. షుగరు ఉన్నవారి కాలి పుండుకు పురుగు పడితే అదే మంచిదని ఊరుకోకండి. ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. అలాగే 2014 మార్చి నుంచి చాలా ముఖ్యమైన యాంటీబయాటిక్స్ షెడ్యూల్ హెచ్-1లో ఉన్నాయి, చీటీ లేకుండా అమ్మకూడదు. స్ట్రిప్ మీద నిలువుగా ఎర్ర గీత కనబడితే డాక్టరు చీటీ లేకుండా కొనవద్దు, డ్రాయర్‌లో దాచవద్దు. నా డ్రాయర్ ఖాళీ చేశాను.

ఈ రంగం మీద ఆసక్తి ఉన్న విద్యార్థులకు దారులు చాలా ఉన్నాయి. కీటకాల వైపు నుంచి రావాలంటే అగ్రికల్చర్, సెరికల్చర్, జువాలజీ. పెప్టైడ్‌లను తయారు చేసి మార్చే వైపు నుంచి రావాలంటే కెమిస్ట్రీ, బయోకెమిస్ట్రీ, ఫార్మసీ. జన్యువులను కంప్యూటరులో వెతికే పనికి లెక్కలు, కంప్యూటర్ సైన్స్ వాళ్ళు కూడా కావాలి. కర్ణాటకలో ఉన్నవారికి చింతామణి కాలేజీ బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం కిందిది. మైసూరులో కేంద్ర పట్టు పరిశోధన శిక్షణ సంస్థ ఉంది. దరఖాస్తులో 'భవిష్యత్ లక్ష్యం' అనే గడిలో మీరు రాసేది మాకు కొత్తగా అనిపిస్తే, రెండు వాక్యాలు ఎక్కువ రాయండి. బల్లకు ఇటువైపు ఉన్నవాళ్ళకు అన్నీ తెలియవు.

ఆ అమ్మాయి ఈ సంవత్సరం రెన్యువల్‌కు వచ్చింది. కూర్చోగానే, "పురుగుకు రక్తం ఉంటుందమ్మా, ఆ రోజు నేను తప్పుగా మాట్లాడాను" అని చెప్పాను. నవ్వింది. నేను ఫైల్లో రాసుకున్న నోటు ఆమె వైపు తిప్పి, సరిగ్గా ఉందో లేదో చూడమన్నాను. చదివి, "సార్, మూడో లైన్లో హీమోలింఫ్ అనడానికి బదులు హీమోగ్లోబిన్ అని రాశారు" అంది. కొట్టివేసి, పక్కన సరైన మాట రాసి, బ్యాంకు అలవాటు ప్రకారం దిద్దుబాటు దగ్గర ఇనీషియల్ వేశాను.